మంచు కింద మన నేల ఆనవాళ్లు

భూమికి కంటికి కనిపించే రూపం ఒకటి. కప్పు కింద దాగిన రూపం మరొకటి. అంటార్కిటికా ఖండం విషయంలో ఈ భేదం మరింత స్పష్టం. సగటున సుమారు రెండు కిలోమీటర్ల మందం గల మంచు ఆ ఖండాన్ని కప్పి ఉంచింది. కొన్నిచోట్ల ఆ మందం నాలుగున్నర కిలోమీటర్లను మించుతుంది. ఆ మంచు అడుగున ఏమున్నదో తెలుసుకోవడానికి తోడ్పడిన ఆనవాళ్లు కొన్ని మన తెలుగు నేలలోనే ఉన్నాయి. వాటిని ఓర్పుతో పరిశీలించి గ్రంథస్థం చేసిన శాస్త్రవేత్త విలియం కింగ్. అంటార్కిటికాను ఆయన ఎన్నడూ చూడలేదు.

కింగ్ ఐర్లండు నుంచి వచ్చినవారు. ఆయన తండ్రి పేరు కూడా విలియం కింగే. తండ్రి గాల్వే నగరంలోని క్వీన్స్ కళాశాలలో ఆచార్యులు. నియాండర్తల్ మానవుణ్ణి ప్రత్యేక జాతిగా గుర్తించి 1864లో నామకరణం చేసిన పండితుడు. కుమారుడు 1857లో భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థలో చేరి, మద్రాసు రాజధానిలో పరిశోధనకు పూనుకొన్నారు. 1863లో సహోద్యోగి రాబర్ట్ బ్రూస్ ఫుట్‌తో కలిసి మద్రాసుకు సమీపంలోని అత్తిరంపాక్కంలో ప్రాచీన శిలాయుగపు రాతి పనిముట్లను కనుగొన్నారు.

అనంతరం కడప, కర్నూలు సీమలు ఆయన కార్యక్షేత్రాలయ్యాయి. నేల లోతులను చూపగల నేటి పరికరాలు ఆనాడు లేవు. ఏటి ఒడ్డున బయటపడిన పొర ఏ దిక్కుకు వాలి ఉన్నది, కొండ అంచున ఏ రాయి మీద ఏ రాయి కూర్చున్నది అని పరిశీలించి, మట్టి కింద కొనసాగే భాగాన్ని నిర్ణయించడమే అప్పటి పద్ధతి. ఆ శ్రమకు ఫలంగా 1872లో కడప, కర్నూలు శిలలను గురించిన ఆయన బృహద్గ్రంథం వెలువడింది. పాపఘ్ని, చెయ్యేరు, నల్లమల, కృష్ణా అని కడప శిలలకు. బనగానపల్లె, జమ్మలమడుగు, పాణ్యం, కుందేరు అని కర్నూలు శిలలకు ఆయన వర్గాలను ఏర్పరచారు. మన నదులు, మన ఊళ్లు ఆ విధంగా శాస్త్రగ్రంథాలకు ఎక్కాయి. యర్రగుంట్ల మండలంలోని చిలమకూరు పరిసరాలలో నేడు సిమెంటుకు ఆధారమైన సున్నపురాయి, ఇళ్లలో పరచుకొనే నాపరాయి కర్నూలు శిలలకు చెందినవే. అవి కోట్లాది సంవత్సరాల కిందట సముద్రపు అడుగున పేరుకొన్న సున్నపు బురద నుంచి ఏర్పడ్డాయి.

కింగ్ కృషిలో రెండవ ఘట్టం గోదావరి లోయ. 1871-72 ప్రాంతంలో నేటి తెలంగాణలోని ఇల్లందు సమీపంలో ఆయన బొగ్గును గుర్తించారు. సింగరేణి గనులకు ఆ పరిశోధనే పునాది. అక్కడి ప్రధానమైన బొగ్గు పొరకు కింగ్ సీమ్ అనే పేరు స్థిరపడింది. 1881లో ప్రాణహిత, గోదావరి లోయల శిలలను గురించి ఆయన మరొక గ్రంథం ప్రకటించారు. ఆ లోయలో అడుగున తాల్చేరు శిలలు, వాటిపైన బొగ్గు పొరలు ఉన్నాయి. తాల్చేరు శిలలలోని గుండ్రాళ్లు హిమానీనదాలు మోసుకొని వచ్చినవి. బొగ్గు పొరల నడుమ గ్లోసోప్టెరిస్ అనే వృక్షం ఆకులు ముద్రలుగా మిగిలాయి. అవి నాలుక ఆకారంలో ఉంటాయి. అనగా సుమారు 30 కోట్ల సంవత్సరాల కిందట ఈ నేల కూడా మంచు కింద ఉండేది. ఆ మంచు కరిగిన చోట అడవులు పెరిగాయి. ఆ అడవులే బొగ్గుగా మారాయి.

1887లో కింగ్ సర్వేక్షణ సంస్థకు అధిపతి అయ్యారు. 1894లో పదవీ విరమణ చేసి, 1900లో కన్నుమూశారు. ఆ తరువాత 12 ఏళ్లకు, 1912లో, దక్షిణ ధ్రువాన్ని చేరి తిరిగివస్తున్న కెప్టెన్ స్కాట్ బృందం అంటార్కిటికాలోని బియర్డ్‌మోర్ హిమానీనదం పక్కన కొన్ని రాళ్లను సేకరించింది. ఆకలితో, చలితో ప్రాణాలు పోతున్నా వారు ఆ రాళ్ల మూటను విడువలేదు. వారి భౌతికకాయాల చెంత సుమారు 16 కిలోల రాళ్లు దొరికాయి. వాటిలో గ్లోసోప్టెరిస్ ఆకుల ముద్రలు ఉన్నట్లు 1914లో నిర్ధారణ అయింది. గోదావరి లోయలో పెరిగిన వృక్షజాతే ధ్రువఖండంలోనూ పెరిగింది. భారతదేశపు తూర్పు తీరం ఒకప్పుడు అంటార్కిటికాతో కలిసి గోండ్వానా అనే మహాఖండంలో భాగమై ఉండేదనడానికి ఇది బలమైన సాక్ష్యం. సుమారు 13 కోట్ల సంవత్సరాల కిందట ఆ రెండూ విడిపోసాగాయి.

నేడు ప్రకంపనలు, రాడార్ తరంగాలు మంచు లోతులను చూపుతున్నాయి. 1958లో సోవియట్ యాత్రికులు మంచు కింద పూర్తిగా కప్పబడిన గాంబుర్ట్‌సేవ్ పర్వతశ్రేణిని కనుగొన్నారు. సుమారు నాలుగు కిలోమీటర్ల మంచు కింద గడ్డకట్టని నీటితో వోస్టాక్ అనే మహాసరస్సు ఉన్నది. తూర్పు అంటార్కిటికాలో ప్రిన్స్ చార్లెస్ పర్వతాల వద్ద మంచు నుంచి పైకి లేచిన శిలలలో బొగ్గు పొరలు కనిపించాయి. ఆ ప్రాంతపు తీరంలోనే 2012లో మన దేశం భారతి పరిశోధన కేంద్రాన్ని నెలకొల్పింది.

ఒకే మహాఖండంలోని బొగ్గు రెండు దేశకాలాలలో రెండు విధులను పొందింది. గోదావరి లోయలో అది వేలాది కుటుంబాలకు జీవనాధారమైంది. అంటార్కిటికాలో మాత్రం 1991లో కుదిరి, 1998లో అమలులోకి వచ్చిన మాడ్రిడ్ ఒడంబడిక ఖనిజాల తవ్వకాన్ని నిషేధించింది. భారతదేశం కూడా అందులో భాగస్వామి. అక్కడ శాస్త్రపరిశోధనకు అనుమతి ఉన్నది; గనులకు లేదు. నేల కింద ఏమున్నదో తెలుసుకోవడం శాస్త్రం పని. దానిని వెలికితీయాలో, అలాగే ఉండనివ్వాలో నిర్ణయించడం మానవుని వివేకం. మొదటి పనిలో మనకు దారి చూపినవారు విలియం కింగ్; రెండవ పని నేటి తరానిది.