డార్జిలింగ్‌లో పుట్టిన ఆంగ్ల తార వివియన్ లీ

ఆంగ్ల రంగస్థలంపైనా, హాలీవుడ్ చలనచిత్రాలలోనూ సమానంగా రాణించిన నటీమణులలో వివియన్ లీ అగ్రగణ్యురాలు. ఆమె పుట్టినది మన దేశంలోనే. 1913 నవంబరు 5న డార్జిలింగ్‌లో జన్మించింది. తండ్రి ఎర్నెస్ట్ హార్ట్‌లీ కలకత్తాలో బ్రోకరు. తల్లిదండ్రులు పెట్టిన పేరు వివియన్ మేరీ హార్ట్‌లీ. ఆరేళ్ల వయసులో, 1920లో, చదువు నిమిత్తం ఆమెను ఇంగ్లండు తీసుకువెళ్లి రోహాంప్టన్‌లోని కాన్వెంటులో చేర్పించారు. తల్లి భారతదేశానికి తిరిగి వచ్చేసింది. ఆ పసితనంలోనే ఒంటరితనం ఆమెకు పరిచయమైంది.

1932లో హెర్బర్ట్ లీ హోల్మన్ అనే న్యాయవాదిని వివాహమాడింది. మరుసటి ఏడు కుమార్తె సుజాన్ జన్మించింది. నటనపై మక్కువ మాత్రం తగ్గలేదు. భర్త పేరులోని ‘లీ’ని తన పేరుకు చేర్చుకొని నటిగా ప్రవేశించింది. 1935లో ‘ది మాస్క్ ఆఫ్ వర్చ్యూ’ నాటకం ఆమెకు రాత్రికి రాత్రే ఖ్యాతి తెచ్చింది. ‘ఫైర్ ఓవర్ ఇంగ్లండ్’ చిత్రంలో సహనటుడైన లారెన్స్ ఒలివియర్‌తో ప్రేమలో పడింది. అప్పటికే ఇద్దరూ వివాహితులు. ఉభయులకూ విడాకులు లభించాక 1940 ఆగస్టులో వారు దంపతులయ్యారు. సుజాన్ మాత్రం ఎక్కువగా తండ్రి, అమ్మమ్మల సంరక్షణలో పెరిగింది. చిన్ననాట తల్లికి దూరమైన వివియన్ జీవితంలో ఆ దూరమే మరో తరానికీ సంక్రమించింది.

1939లో విడుదలైన ‘గాన్ విత్ ద విండ్’లో స్కార్లెట్ ఓహారా పాత్ర కోసం అమెరికాలో ఎందరో తారలు పోటీపడ్డారు. ఆ పాత్ర ఈ ఆంగ్ల యువతిని వరించింది. యుద్ధంలో సర్వం కోల్పోయినా తల వంచని ఆ పాత్రకు ఆమె ఉత్తమ నటిగా ఆస్కార్ అందుకుంది.

కీర్తి వెన్నంటే కష్టాలు వచ్చాయి. 1944లో ‘సీజర్ అండ్ క్లియోపాత్రా’ చిత్రీకరణ సమయంలో గర్భస్రావమైంది. ఆ తరువాత ఊపిరితిత్తులకు క్షయ సోకినట్లు తేలింది. వీటికి తోడు కొంతకాలం పట్టరాని ఉత్సాహం, కొంతకాలం అంతులేని దిగులు ఆమెను పీడించసాగాయి. నేడు బైపోలార్ డిజార్డర్ అని పిలిచే వ్యాధి అది. ఇప్పుడు దొరికే మందులు ఆనాడు వ్యాప్తిలో లేవు. విద్యుత్ షాక్ చికిత్స పొందుతూనే ఆమె మళ్లీ మళ్లీ రంగస్థలం ఎక్కేది.

టెనెస్సీ విలియమ్స్ రచించిన ‘ఎ స్ట్రీట్‌కార్ నేమ్‌డ్ డిజైర్’లో మతి చలించే బ్లాంచ్ పాత్రను 1949లో లండన్ వేదికపై పోషించింది. నాటకం 326 ప్రదర్శనలు జరిగింది. 1951లో వచ్చిన చిత్రంలో అదే పాత్రకు రెండవ ఆస్కార్ లభించింది. తెరపై ఆ వేదనకు ప్రపంచం చప్పట్లు కొట్టింది. అలాంటి వేదనే నిజజీవితంలో ఆమెను క్రుంగదీసింది. 1953లో సింహళంలో ‘ఎలిఫెంట్ వాక్’ చిత్రీకరణ ఆరంభమయ్యాక జబ్బు తీవ్రమై, ఆమె పాత్ర ఎలిజబెత్ టేలర్‌కు దక్కింది.

అయినా ఆమె పట్టుదల సడలలేదు. 1957లో లండన్‌లోని సెయింట్ జేమ్స్ థియేటర్‌ను కూల్చబోతున్నారని తెలిసి, ప్రభువుల సభలోనే లేచి నిరసన తెలిపింది. సభ నుంచి ఆమెను బయటకు పంపారు. థియేటరు దక్కలేదు. 1960లో ఒలివియర్‌తో దాంపత్యమూ ముగిసింది. ఆ పిమ్మట ‘తోవారిచ్’ సంగీత నాటకంలో నటించి 1963లో టోనీ పురస్కారం పొందింది. 1965లో వచ్చిన ‘షిప్ ఆఫ్ ఫూల్స్’ ఆమె చివరి చిత్రం.

క్షయ తిరగబెట్టి, 1967 జులైలో, 53 ఏళ్ల వయసులో ఆమె లండన్‌లోని తన నివాసంలో కన్నుమూసింది. అప్పుడు కూడా కొత్త నాటకానికి సన్నద్ధమవుతూనే ఉంది. ఆమె గౌరవార్థం లండన్ నాటకశాలలు బయటి దీపాలను ఒక గంటసేపు ఆర్పివేశాయి. ఆమె అందాన్ని లోకం ఎంతగానో కొనియాడింది. అయితే మనసుకు వచ్చిన జబ్బును నేరంగానో, లోపంగానో చూసే కాలంలో, చికిత్స పొందుతూ తన పనిని విడువకుండా నిలిచిన ధైర్యమే అంతకంటే గొప్పది.