పాప్పారపట్టి మట్టిలో ఒరిగిన అక్షర యోధుడు సుబ్రహ్మణ్య శివ

ధర్మపురి జిల్లాలో ఇండూరు పరిసర గ్రామాల ప్రజలకు పాప్పారపట్టి కొత్త ఊరు కాదు. అయితే భారత స్వాతంత్ర్య చరిత్రలోని ఒక మహనీయుని తుదిశ్వాస ఆ నేలపైనే ఆగిందన్న సంగతి మన తెలుగు కుటుంబాలలో అందరికీ తెలిసినది కాదు. ఆయనే తమిళ రచయిత, పాత్రికేయుడు, స్వాతంత్ర్య సమరయోధుడు సుబ్రహ్మణ్య శివ. నలభై యేళ్లు మాత్రమే జీవించిన ఆయన కథలో కలము, కారాగారము, కుష్ఠువ్యాధి మూడూ పెనవేసుకుని ఉన్నాయి.

సుబ్రహ్మణ్య శివ 1884 అక్టోబరు 4న నేటి దిండిగల్ జిల్లాలోని వత్తలకుండులో జన్మించారు. బాల్యమంతా పేదరికంలోనే గడిచింది. మదురైలో కొంతకాలం చదివి, జరుగుబాటు లేక తిరువనంతపురం చేరి, అక్కడి ఉచిత భోజనశాలను ఆశ్రయించి చదువు సాగించారు. యౌవనంలోనే వేదాంతంవైపు, దేశభక్తివైపు ఏకకాలంలో ఆకర్షితులైన ఆయనకు ఆ రెండూ వేర్వేరు మార్గాలుగా తోచలేదు. బహిరంగ సభలలో స్వదేశీ ప్రబోధం చేయసాగడంతో తిరువాన్కూరు సంస్థానం ఆయనను వెళ్లిపొమ్మని ఆదేశించింది. ఊరూరా ప్రసంగిస్తూ కాలినడకన సాగిన ఆయన 1908 నాటికి తూత్తుకుడి చేరుకున్నారు.

ఆ రేవు పట్టణంలో అప్పటికే వ.ఉ. చిదంబరం పిళ్లై తెల్లవారి ఓడల గుత్తాధిపత్యాన్ని ఎదిరించి, 1906లో స్వదేశీ నౌకా సంస్థను నెలకొల్పి, తూత్తుకుడి కొలంబోల మధ్య ఓడలు నడుపుతున్నారు. పిళ్లైవారి కార్యదక్షతకు శివ వాగ్ధాటి తోడయింది. 1908 ఫిబ్రవరి చివరలో తూత్తుకుడి కోరల్ మిల్లు కార్మికులు సమ్మె చేసినప్పుడు వీరిరువురూ వారికి అండగా నిలిచారు. యాజమాన్యం దిగివచ్చి కూలి పెంపుకూ, వారాంతపు సెలవుకూ అంగీకరించింది. దక్షిణదేశంలో కార్మికోద్యమానికి అది తొలి విజయాలలో ఒకటి.

ఈ విజయాన్ని ప్రభుత్వం సహించలేకపోయింది. బిపిన్ చంద్రపాల్ విడుదలను పురస్కరించుకుని జరుపతలపెట్టిన ఉత్సవాల సందర్భంగా, 1908 మార్చి 12న నాయకులను నిర్బంధించింది. మరునాడు తిరునల్వేలిలో జనం తిరగబడగా పోలీసులు కాల్పులు జరిపారు. ఆ కాల్పుల ప్రతిధ్వని తమిళదేశంలోనే ఆగలేదు. బెజవాడలో స్వరాజ్య పత్రిక నడుపుతున్న గాడిచర్ల హరిసర్వోత్తమరావు ఆ ఘటనను తీవ్రంగా ఖండిస్తూ రాసి, రాజద్రోహ నేరంపై జైలుపాలయ్యారు. తమిళనాట ఒలికిన నెత్తురుకు తెలుగు పత్రికా రచయిత శిక్ష అనుభవించిన ఈ ఉదంతం, నాడు భాషల మధ్య సరిహద్దు గీతలు ఎంత పలుచనివో తెలుపుతుంది.

1908 జులైలో తీర్పు వెలువడింది. శివకు పదేళ్ల ప్రవాస శిక్ష, ఆయనకు ఆశ్రయమిచ్చి సహకరించినందుకు కూడా కలిపి పిళ్లైకి నలభై యేళ్ల శిక్ష విధించారు. అప్పీలులో అవి ఆరేళ్లకు తగ్గాయి. చెరసాలలో కఠినశ్రమ నడుమనే శివకు కుష్ఠువ్యాధి సోకింది. సేలం జైలుకు తరలించినా వ్యాధి తగ్గలేదు. 1912 నవంబరు 2న ఆయన విడుదలయ్యేసరికి ఆరోగ్యం శాశ్వతంగా దెబ్బతిన్నది. అప్పటికి ఆయన వయస్సు ఇరవై ఎనిమిదేళ్లు.

దేహం సహకరించని ఆ స్థితిలోనే రచయితగా ఆయన పరిణతి కనబడుతుంది. 1913లో జ్ఞానభాను అనే మాసపత్రికను ప్రారంభించారు. పుదుచ్చేరిలో అజ్ఞాతవాసం వంటి జీవితం గడుపుతున్న మహాకవి సుబ్రహ్మణ్య భారతి రచనలకు ఆ పత్రిక చోటిచ్చింది. తదుపరి ప్రపంచ మిత్రన్ పత్రికనూ నడిపారు. రామానుజ విజయం, మధ్వ విజయం గ్రంథాలు రచించి, ఆచార్యుల చరిత్రలను సామాన్య పాఠకునికి అందించారు. సంస్కృతాన్నీ వేదాంతాన్నీ గౌరవించిన ఆయనే, సంస్కృత పదాలు కలపకుండా తమిళంలో వ్యాసం రాసినవారికి అయిదు రూపాయల బహుమతి ఇస్తామని 1915లో జ్ఞానభానులో ప్రకటించడం విశేషం. మాతృభాషకు తన కాళ్లపై తాను నిలబడే శక్తి ఉన్నదా అన్న ప్రశ్న ఆయనను వేధించింది. సరిహద్దు గ్రామాలలో ఇంట ఒక భాష, బడిలో మరొక భాషగా జీవించే కుటుంబాలకు ఆ ప్రశ్నలోని బరువు విడమరచి చెప్పనక్కరలేదు.

వ్యాధి ముదిరిన కొలది మరొక శిక్ష ఎదురయింది. అంటువ్యాధిగ్రస్తులను రైలు ఎక్కనీయరాదన్న నిబంధన చూపి ప్రభుత్వం ఆయనకు రైలు ప్రయాణాన్ని నిషేధించింది. ఊరూరా తిరిగి మాట్లాడటమే వృత్తిగా గల మనిషిని మూల కూర్చోబెట్టడానికి ఇంతకంటె సులువైన ఉపాయం లేదు. శివ మాత్రం కూర్చోలేదు. పుండ్లు పడిన పాదాలతోనే నడిచారు. నడవలేనప్పుడు ఎడ్లబండి ఎక్కారు. 1921-22లో మరొకసారి జైలుకూ వెళ్లివచ్చారు.

చివరి సంవత్సరాలలో ఆయన నాటి సేలం జిల్లాలోని పాప్పారపట్టిని తన నివాసంగా చేసుకున్నారు. అక్కడ మిత్రుల సహకారంతో భారతాశ్రమం నెలకొల్పి, కులమత భేదం లేకుండా అందరూ ప్రవేశించగల భారతమాత ఆలయాన్ని కట్టాలని సంకల్పించారు. 1923లో దేశబంధు చిత్తరంజన్ దాస్ ఆ ఆలయానికి శంకుస్థాపన చేశారు. నిధుల సేకరణకై శివ మళ్లీ ఊళ్లు తిరిగారు. 1925 జూన్ 16న చిత్తరంజన్ దాస్ కన్నుమూశారు. ఆరు వారాలు తిరగక మునుపే, జులై 23న, శివ పాప్పారపట్టిలో తనువు చాలించారు. ఆలయం పునాది దశలోనే నిలిచిపోయింది.

ఆయనను హరించిన వ్యాధికి నాడు సరియైన మందు లేదు. నేడు ఉన్నది. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసిన బహుళ ఔషధ చికిత్సను ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితంగా ఇస్తారు. ఆరు నెలల నుండి పన్నెండు నెలల వరకు మందులు వాడితే వ్యాధి పూర్తిగా నయమవుతుంది. చికిత్స మొదలయిన కొద్దికాలానికే రోగి ద్వారా ఇతరులకు సోకే ప్రమాదం తొలగిపోతుంది. కుష్ఠురోగులను వేరుచేసి ఉంచేందుకు తెల్లదొరలు చేసిన 1898 నాటి చట్టం కూడా 2016లో రద్దయింది. అయినప్పటికీ స్పర్శ తెలియని మచ్చను ఇంట్లోనే దాచిపెట్టే అలవాటు పల్లెలలో సమసిపోలేదు. మచ్చ కనబడగానే ఆరోగ్య కేంద్రానికి వెళ్లినవారికి వేళ్లు వంకరపోవు, పాదాలు పుండ్లు పడవు.

శివ కలలుగన్న ఆలయానికి ఆయన మరణించిన తొంభయి ఆరేళ్ల తరువాత రూపం వచ్చింది. తమిళనాడు ప్రభుత్వం పాప్పారపట్టిలో నిర్మించిన భారతమాత స్మారకం 2021లో ప్రారంభమయింది. ఆ ప్రాంగణంలోనే ఆయన స్మారక మందిరమూ ఉన్నది. బస్సు ఎక్కి అరగంటలో అక్కడికి చేరే నేటి పిల్లలకు, రైలు ఎక్కనివ్వని రోజులలో పుండుపడిన కాళ్లతో ఆ దారినే నడిచిన ఒక రచయిత ఉండేవారని పెద్దలు చెప్పవలసి ఉన్నది.