పిల్లలకు చందమామను అందించిన తెనాలి రైతుబిడ్డ

తెనాలి: బడిపిల్లల కోసం ఒక పత్రిక తేవాలంటే అందులో ఏం వేయాలి, ఎలా వేయాలి? పాఠశాల వార్షికోత్సవం దగ్గర పడినప్పుడల్లా మన ఊళ్లలో మాస్టార్లకు ఎదురయ్యే ప్రశ్న ఇది. తీరా సంచిక చేతికొచ్చాక చూస్తే, చాలాచోట్ల మొదటి పేజీలన్నీ పెద్దల ఫొటోలతో, వారి శుభాకాంక్షలతో నిండిపోయి ఉంటాయి. పిల్లలు ఇష్టంగా చదివేది చివరి నాలుగు పేజీలే. ఈ ప్రశ్నకు 1947లోనే జవాబు చూపించిన వ్యక్తి మన జిల్లావాడే కావడం మనకు గర్వకారణం. ఆయనే చందమామ వ్యవస్థాపకుల్లో ఒకరైన చక్రపాణి.

చక్రపాణి అసలు పేరు ఆలూరి వెంకట సుబ్బారావు. 1908 ఆగస్టు 5న తెనాలిలో ఒక మధ్యతరగతి రైతు కుటుంబంలో జన్మించారు. జాతీయోద్యమం జోరుగా సాగుతున్న ఆ రోజుల్లో బడి చదువు మధ్యలోనే మానేశారు. చదువు మానేశారు గానీ చదవడం మానలేదు. పట్టుదలతో హిందీ నేర్చుకున్నారు. చక్రపాణి అనే కలం పేరు కూడా హిందీ పండితుల సాంగత్యంలో వచ్చిందే.

పాతికేళ్లయినా నిండకముందే ఆయనకు క్షయ సోకింది. అప్పట్లో క్షయకు సరైన మందు లేదు. జబ్బు వచ్చిందంటే మనిషి మీద ఇంటిల్లిపాదీ ఆశ వదులుకునే రోజులవి. 1932లో మదనపల్లె శానటోరియంలో చేరారు. మంచం మీద ఉండి కూడా కాలాన్ని వృథా చేయలేదు. తోటి రోగి ఒకరి దగ్గర బెంగాలీ నేర్చుకున్నారు. కోలుకుని బయటకు వచ్చాక శరత్ బాబు నవలలను వరసగా తెలుగు చేశారు. ఆ తెలుగు ఎంత సహజంగా ఉండేదంటే, శరత్ తెలుగు రచయితే అనుకున్నవారు కూడా ఉన్నారని ఇప్పటికీ చెప్పుకుంటారు.

1930ల మధ్యలో తెనాలిలోనే కొడవటిగంటి కుటుంబరావుతో కలిసి యువ అనే మాసపత్రిక ప్రారంభించారు. తర్వాత సినిమాలు ఆయనను పిలిచాయి. 1941లో వచ్చిన ధర్మపత్నికి, 1945లో వచ్చిన స్వర్గసీమకు మాటలు రాశారు. మద్రాసులో కడప జిల్లాకు చెందిన బి.నాగిరెడ్డితో స్నేహం కుదిరింది. నాగిరెడ్డికి అచ్చు యంత్రాలున్నాయి. చక్రపాణికి ఆలోచన ఉంది. ఇద్దరూ కలిసి 1947 జూలైలో, అంటే స్వాతంత్ర్యం రావడానికి సరిగ్గా నెల ముందు, తెలుగు, తమిళ భాషల్లో పిల్లల మాసపత్రికను వెలువరించారు. తెలుగులో దాని పేరు చందమామ, తమిళంలో అంబులిమామ. తర్వాత కన్నడం, హిందీ వంటి ఇతర భాషలకూ విస్తరించింది. బొమ్మలన్నిటికీ అవే, మారేది భాష మాత్రమే.

ఆ పత్రికను తీర్చిదిద్దిన తీరు గమనించదగ్గది. తెరిచిన ప్రతి కథలోనూ బొమ్మ ఉండేది. అక్షరాలు కూడబలుక్కునే పిల్లవాడు ముందు బొమ్మ చూసి కథ ఊహించుకునేవాడు. తర్వాత ఆ ఊహ నిజమో కాదో తేల్చుకోవడానికి చదివేవాడు. చిన్న కథలు ఒక్క కూర్చోవడంలో పూర్తయ్యేవి. సీరియల్ మాత్రం వచ్చే నెల దాకా ఎదురుచూసేలా చేసేది. భాష మనం ఇంట్లో మాట్లాడుకునేంత తేలిక. నిఘంటువు వెతకాల్సిన మాటలు కనిపించేవి కావు. రెండు ఫొటోలు వేసి, వాటికి జోడీగా కుదిరే వ్యాఖ్యలు రాసి పంపమని పోటీ పెట్టేవారు. దాంతో చదివేవాడే రాసేవాడు కూడా అయ్యేవాడు.

1952లో కుటుంబరావు చందమామలో చేరారు. పేరు చక్రపాణిదైనా, కథలను దిద్ది, తిరగరాసి ఒక్క గొంతుకు తెచ్చిన శ్రమ చాలావరకు కుటుంబరావుదే. తన పేరు లేకుండానే ఆయన వందలాది కథలు రాశారు. దాసరి సుబ్రహ్మణ్యం సీరియళ్లు, చిత్ర, శంకర్ వేసిన బొమ్మలు, వడ్డాది పాపయ్య ముఖచిత్రాలు పత్రికకు ప్రాణం పోశాయి. భుజాన శవంతో, చేత కత్తితో నడిచే విక్రమార్కుడి బొమ్మ శంకర్ వేసిందే. పాత బేతాళ కథలు పాతికే. చందమామలో మాత్రం అదే మూసలో కొత్త కథలు దశాబ్దాల తరబడి వచ్చాయి. ప్రతి కథ చివరా బేతాళుడు ప్రశ్న వేస్తాడు. రాజు జవాబు చదివే ముందు పిల్లవాడు తనే ఒక జవాబు అనుకుంటాడు. ఆలోచించమని చెప్పకుండానే ఆలోచింపజేసే పద్ధతి అది.

సినిమాల్లోనూ చక్రపాణి తక్కువ వ్యక్తి కాదు. నాగిరెడ్డితో కలిసి విజయా సంస్థ ద్వారా పాతాళభైరవి, మిస్సమ్మ, మాయాబజార్, గుండమ్మ కథ వంటి చిత్రాలు అందించారు. అక్కడా అదే సూత్రం: సామాన్యుడికి అర్థం కావాలి, ఇంటిల్లిపాదీ కలిసి చూడగలగాలి. బడి చదువు పూర్తి చేయకుండానే, పెద్దయ్యాక స్వయంకృషితో రెండు పరాయి భాషలు నేర్చినవాడు గనుక, చదువరికి ఎక్కడ అడ్డు తగులుతుందో ఆయనకు అనుభవంతో తెలిసి ఉంటుందని అనిపిస్తుంది.

చక్రపాణి 1975 సెప్టెంబరు 24న కన్నుమూశారు. కుటుంబరావు 1980లో మరణించారు. చందమామ 2007లో చేతులు మారి, ఆ తర్వాత కొద్ది ఏళ్లకే ఆగిపోయింది. అయినా పాత సంచికలను అట్టలు కట్టించి దాచుకున్న ఇళ్లు నేటికీ ఉన్నాయి. తాత చదివిన కథను మనవడు కూడా చదవగలుగుతున్నాడు.

పాఠశాల సంచిక తేవడానికి పెద్ద అచ్చు యంత్రం అక్కర్లేదు. తెల్ల కాగితాలు కుట్టి చేతిరాతతో తెచ్చినా చాలు. కానీ చక్రపాణి నేర్పిన పాఠం మరువరాదు. పెద్దల ఫొటోలు చివరికి పోవాలి. మొదటి పేజీ పిల్లవాడిది కావాలి. ప్రతి పేజీలో ఒక బొమ్మ ఉండాలి, అదీ పిల్లలే వేసిందైతే మరీ మంచిది. సంచిక అచ్చుకు పంపే ముందు నాలుగో తరగతి పిల్లవాడొకడి చేత చదివించి చూడాలి. వాడు ఏ మాట దగ్గర ఆగిపోతే ఆ మాట మార్చాలి. తెనాలి రైతుబిడ్డకు మన బడులు అర్పించగల నివాళి ఇంతకంటే వేరే ఏముంటుంది?