జయపాల సింగు: ఆదివాసుల స్వపరిపాలన వాదము

స్వరాజ్యము వచ్చినంత మాత్రమున కొండవారికిని స్వపరిపాలన లభించునా యను ప్రశ్నను మన రాజ్యాంగ పరిషత్తులో నిర్భయముగా లేవనెత్తిన వారిలో జయపాల సింగుగారు అగ్రగణ్యులు. వారి జన్మస్థానము ఛోటానాగపురము. అయినను ఆ వాదము యొక్క ఫలితము ననుభవించుచున్న వారిలో విశాఖ మన్యపు ప్రజలును గలరు. కావున వారి చరిత్ర మనకు పరాయిది కాదు.

సింగుగారు 1903 జనవరి 3వ తేదీన రాంచీ ప్రాంతమునందలి టక్రా గ్రామమున ముండా కుటుంబములో జన్మించిరి. మిషనరీల పాఠశాలలో చదివి, వారి సాహాయ్యముననే ఇంగ్లండున కేగి, ఆక్సుఫర్డునందలి సెంట్ జాన్స్ కళాశాలలో విద్య ముగించిరి. ఐ.సి.యస్. ఉద్యోగమునకు ఎన్నికయ్యు, సెలవు దొరకకున్నను 1928లో ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్ క్రీడలకు భారత హాకీ జట్టు నాయకులుగా వెడలిరి. జట్టు స్వర్ణపతకము గెలిచెను గాని కడపటి పోటీలో వారు ఆడలేదు. తరువాత ఆ ఉద్యోగమును వదలుకొని, గోల్డుకోస్టులోను రాయపూరులోను ఉపాధ్యాయులుగా పనిచేసిరి.

1939లో వారు ఆదివాసి మహాసభకు అధ్యక్షులైరి. యుద్ధకాలమున బ్రిటిషు సైన్యమునకు జనమును చేర్చుటలో తోడ్పడినందున కాంగ్రెసువాదులు వారిని శంకించిరి. ఆ శంక అకారణము కాదు. కాని రాజ్యాంగ పరిషత్తులో వారు పలికిన పలుకులు ఏ పరప్రభుత్వము కొరకును కావు. 1946 డిసెంబరు 19న లక్ష్యముల తీర్మానమును సమర్థించుచునే, ప్రజాస్వామ్యమును ఆదివాసులకు ఎవరును నేర్పనక్కర లేదనియు, వారి నుండియే ఇతరులు నేర్చుకొనవలసి యున్నదనియు వాదించిరి. తమ జనమును వనజాతి యనుట కాదు, ఆదివాసులనియే పిలువవలెనని పట్టుబట్టిరి.

ఈ వాదము యొక్క విలువ తెలియవలెనన్న మన మన్యపు పూర్వస్థితిని స్మరింపవలెను. 1839 నాటి 24వ చట్టము గంజాము, విశాఖపట్టణము మండలముల కొండ ప్రాంతములను సాధారణ న్యాయస్థానముల నుండి తొలగించి, కలెక్టరును గవర్నరు ఏజెంటుగా నియమించెను. 1922 మొదలు 1924 వరకు అల్లూరి సీతారామరాజు నాయకత్వమున జరిగిన పోరాటము అడవి నిర్బంధముల మీదను, వెట్టిచాకిరి మీదను చెలరేగినదే. 1935 చట్టము విశాఖ ఏజెన్సీని పాక్షిక మినహాయింపు ప్రాంతముగా నుంచెను. మైదానపు చట్టములను ఆపు అధికారము ప్రతి దశయందును దొరలదే. కొండవారి నడుగు పద్ధతి మాత్రము ఎన్నడును లేదు.

ఆ లోపమును సవరించు అవకాశము అయిదవ షెడ్యూలు రూపమున వచ్చెను. తొలి ముసాయిదాలో, ఏ చట్టము కొండలకు వర్తింపరాదో నిర్ణయించుటకు ఆదివాసి సలహా మండలి యభిప్రాయమే మూలముగా నుండెను. 1949 సెప్టెంబరు 5న అంబేద్కరుగారు ప్రవేశపెట్టిన సవరించిన రూపమున ఆ యధికారము గవర్నరునకు చెందెను. గవర్నరు పంపిన విషయములపై సలహా చెప్పుట మాత్రమే మండలికి మిగిలెను. మండలి బలమును హరించితిరని సింగుగారు అభ్యంతరము చెప్పిరి. ఇరువదిమంది సభ్యులలో ముప్పాతికమంది శాసనసభలోని ఆదివాసి ప్రతినిధులే కావచ్చునుగాక, తమంతట తాము ఏ విషయమును చేపట్టజాలని మండలి వలన ప్రయోజనమేమి? సంప్రతింపు వేరు, సమ్మతి వేరు. ఆనాడు సభ మొదటిదానితోనే తృప్తి చెందెను.

అయినను ఆ షెడ్యూలు నిష్ఫలము కాలేదు. దాని క్రింద వెలువడిన 1959 భూబదలాయింపు నిబంధనను 1970లో బలపరచిరి. దాని యాధారముననే 1997 జులై 11న సుప్రీంకోర్టు, బొఱ్ఱా ప్రాంతపు గనుల గుత్తలకు సంబంధించిన సమతా వ్యాజ్యమున, షెడ్యూలు ప్రాంతములలోని భూమిని గిరిజనేతరులకు గుత్త కిచ్చు హక్కు ప్రభుత్వమునకును లేదని తీర్పు చెప్పెను. 1996 నాటి పంచాయతీ విస్తరణ చట్టము గ్రామసభకు గొప్ప స్థానమిచ్చెను. కాని భూసేకరణ విషయమున అందును సంప్రతింపు మాటయే నిలిచినది.

సింగుగారి ఝార్ఖండు పక్షము 1952 ఎన్నికలలో బీహారు శాసనసభయందు 32 స్థానములు గెలిచెను. 1963లో దానిని కాంగ్రెసులో విలీనము చేయుట అనుచరులకు బాధ కలిగించెను. 1970 మార్చి 20న వారు పరమపదించిరి. వారు కోరిన రాష్ట్రము 2000 నవంబరులో ఏర్పడెను.

పాడేరు, అరకు ప్రాంతములు 2022 నుండి అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరినవి. బైలదిల్లా ఇనుపరాయి నేటికిని ఆ కొండల మీదుగా కొత్తవలస రైలుదారిన విశాఖ రేవునకు దిగుచున్నది. ఆ సంపద వలన లాభము పొందుచున్న పట్టణవాసులును, మైదానపు భూస్వాములును, కొండలలో క్రొత్త గనికిగాని ఆనకట్టకుగాని ప్రతిపాదన వచ్చినప్పుడెల్ల, అచ్చటి గ్రామసభ యేమన్నదని ముందుగా విచారింపవలెను. ఆ విచారణ చేయని పౌరుడు జయపాల సింగుగారి వాదమునకు నేటికిని ప్రత్యుత్తరము బాకీయుండును.