యల్లాప్రగడ సుబ్బారావు

యల్లాప్రగడ సుబ్బారావు (1895 - 1948) ప్రముఖ తెలుగు వైద్య శాస్త్రజ్ఞుడు. 1895 జనవరి 12న భీమవరంలో జన్మించాడు. అతని సోదరులిద్దరు స్ప్రూ అనే పేగు వ్యాధితో మరణించారు. తానూ ఆ వ్యాధి బారిన పడి కోలుకున్నాడు. మద్రాసు వైద్య కళాశాలలో చదివి, పరిశోధనకై అమెరికాలోని హార్వర్డుకు వెళ్ళాడు.

== పరిశోధనలు ==

1940లో లెడర్లే ప్రయోగశాలలో చేరాడు. అతని నేతృత్వంలోని బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. సోదరులను బలిగొన్న స్ప్రూకు అదే మందయింది. ఆ ఆమ్లపు చర్యను అడ్డగించి క్యాన్సరు కణాల విభజనను ఆపే మెథోట్రెక్సేట్ కూడా అక్కడే రూపొందింది. వంశపారంపర్యంగా పెద్దపేగులో పాలిప్‌లు ఏర్పడే వ్యాధిలో కొందరికి డెస్మాయిడ్ కణితులు వస్తాయి. వాటి చికిత్సలో ఈ మందును విన్‌బ్లాస్టిన్‌తో కలిపి వాడుతున్నారు. బోదకాలుకు వాడే హెట్రజాన్ కూడా అతని బృందం కృషి ఫలితమే.

== మరణం ==

1948 ఆగష్టులో న్యూయార్క్ రాష్ట్రంలో మరణించాడు. శతజయంతి సందర్భంగా 1995లో భారత ప్రభుత్వం అతని స్మారక తపాలా బిళ్ళను విడుదల చేసింది.