మహామన మాలవీయ

ఒక మనిషి నేరం చేస్తే అతనిని విచారించి శిక్షించడానికి చట్టం ఉంది. కాని వేలాదిమంది ఒక్కుమ్మడిగా ఆగ్రహావేశాలకు లోనై ఘోరానికి ఒడిగట్టినప్పుడు ప్రభుత్వం ఏమి చేయాలి? అందరినీ కఠినంగా దండిస్తే ఇతరులు భయపడి తీవ్రవాదానికి దూరమవుతారా? లేక ఆ దండనే పగకు బీజమై తీవ్రవాదాన్ని మరింత పెంచుతుందా? ప్రతి దేశానికీ, ప్రతి తరానికీ ఎదురయ్యే చిక్కు ప్రశ్న ఇది. దీనికి సమాధానాన్ని గ్రంథాలలో కాక న్యాయస్థానంలో వెదకిన మహనీయుడు పండిత మదన్‌మోహన్ మాలవీయ. కాశీ హిందూ విశ్వవిద్యాలయ స్థాపకుడిగా ఆయన లోకప్రసిద్ధుడు. హింసను జీవితాంతం నిరసించిన ఆయనే, హింసకు పాల్పడ్డారన్న ఆరోపణపై ఉరికంబం ముందు నిలిచినవారి పక్షాన వాదించాడన్న విషయం అంతగా ప్రచారం పొందలేదు.

మాలవీయ 1861 డిసెంబరు 25న అలహాబాదులో జన్మించాడు. తండ్రి బ్రజనాథుడు సంస్కృత పండితుడు. భాగవత కథాప్రవచనమే ఆయన జీవనాధారం. పూర్వికులు మాళవ దేశం నుండి వచ్చినవారు కావడంవల్ల ఆ కుటుంబానికి మాలవీయులన్న పేరు స్థిరపడింది. ఇంట విద్యాసంపదకు లోటు లేదు, ధనసంపదకే లోటు. మదన్‌మోహనుడు మ్యూర్ సెంట్రల్ కళాశాలలో చదివి, 1884లో కలకత్తా విశ్వవిద్యాలయం నుండి పట్టభద్రుడై, అలహాబాదులోనే ఉపాధ్యాయ వృత్తిని చేపట్టాడు.

1886లో కలకత్తాలో జరిగిన కాంగ్రెసు మహాసభలో ఆ యువ ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగం పెద్దలను ఆకట్టుకొన్నది. మరుసటి సంవత్సరం ఆయన ఉపాధ్యాయ వృత్తిని వదలి 'హిందుస్థాన్' పత్రిక సంపాదకత్వాన్ని స్వీకరించాడు. 1891లో న్యాయశాస్త్ర పట్టా పుచ్చుకొని, అనతికాలంలోనే అలహాబాదు హైకోర్టులో పేరుప్రతిష్ఠలు గడించాడు. 1909లో ఆయన పూనికతో 'లీడర్' అనే ఆంగ్ల దినపత్రిక వెలువడింది. ఆ పత్రికకు దీర్ఘకాలం సంపాదకుడుగా ఉండి దానికి దేశవ్యాప్తమైన కీర్తి తెచ్చినవాడు విజయనగరంలో జన్మించిన తెలుగువాడు చిర్రావూరి యజ్ఞేశ్వర చింతామణి.

వకీలుగా సంపాదన వెల్లువెత్తుతున్న రోజులలోనే మాలవీయ ఆ వృత్తిని త్యజించాడు. విశ్వవిద్యాలయ స్థాపన కోసం సంస్థానాధీశుల వద్దకూ, సామాన్యుల ముంగిళ్లకూ వెళ్లి చేయి చాచాడు. ఆ కృషి ఫలించి 1916 ఫిబ్రవరి 4న కాశీ హిందూ విశ్వవిద్యాలయానికి శంకుస్థాపన జరిగింది. తనకోసం తాను సంపాదించుకోనని నిశ్చయించుకొన్న ఆ మనిషి మరల నల్లకోటు ధరిస్తాడని ఎవరూ ఊహించలేదు.

రాజకీయాలలో మాలవీయ మితవాది. శాసనమండలిలో వాదించడం, విజ్ఞాపనలు పంపడం, రాజీ కుదర్చడం ఆయన మార్గాలు. అయితే ప్రభుత్వం దండనాన్నే పరమౌషధంగా భావించినప్పుడెల్లా ఆయన దానిని ఎదిరించాడు. 1919లో విచారణ లేకుండా నిర్బంధించే అధికారాన్ని ప్రభుత్వానికి కట్టబెట్టిన రౌలట్ బిల్లును కేంద్ర శాసనమండలిలో తీవ్రంగా వ్యతిరేకించాడు. ఆ ఏప్రిల్ 10న నాయకుల నిర్బంధం కారణంగా అమృత్‌సర్‌లో అల్లర్లు చెలరేగాయి. బ్యాంకులు దగ్ధమయ్యాయి; ఐదుగురు ఐరోపావారు హతులయ్యారు. మూడు రోజుల తరువాత జలియన్‌వాలాబాగులో సమావేశమైన నిరాయుధులపై జనరల్ డయ్యర్ కాల్పులు జరిపించాడు. ప్రభుత్వ లెక్కల ప్రకారమే 379 మంది మరణించారు. సైనిక శాసనం కింద ఒక వీధిలో భారతీయులను నేలపై పాకించారు కూడా.

ఒక పట్టణంలో కొందరు చేసిన నేరానికి పంజాబు అంతటికీ గుణపాఠం చెప్పాలన్నది ఆ అధికారుల ఆలోచన. ఆ గుణపాఠం నేర్పినదేమిటి? మరుసటి సంవత్సరమే దేశమంతటా సహాయ నిరాకరణోద్యమం వ్యాపించింది. ఇరవైయొక్క సంవత్సరాల అనంతరం, 1940 మార్చిలో, పంజాబు పూర్వపు గవర్నరు ఓడ్వయ్యరును ఉధంసింగ్ లండనులో కాల్చి చంపాడు. భయపెట్టి అణచిన పగ ఎంతకాలమైనా ఆరిపోదనడానికి ఇది నిదర్శనం. పంజాబు అధికారులను చట్టపరమైన చర్యల నుండి కాపాడే బిల్లు 1919 సెప్టెంబరులో మండలి ముందుకు వచ్చినప్పుడు, మాలవీయ గంటల తరబడి ప్రసంగించి అక్కడి దురంతాలను ఒక్కొక్కటిగా బయటపెట్టాడు.

ఆయన స్వభావానికి అసలైన పరీక్ష 1922లో ఎదురయింది. చౌరీచౌరా నేటి ఉత్తరప్రదేశ్‌లోని గోరఖ్‌పూర్ జిల్లాకు చెందిన చిన్న ఊరు. సహాయ నిరాకరణోద్యమంలో భాగంగా అక్కడి స్వచ్ఛంద సేవకులు కల్లు, సారా దుకాణాలను బహిష్కరించాలని ప్రచారం చేస్తున్నారు. పోలీసులు వారిలో కొందరిని కొట్టారు. దానికి నిరసనగా ఫిబ్రవరి 4న పెద్ద ఊరేగింపు బయలుదేరింది. ఠాణా వద్ద ఘర్షణ మొదలయింది. పోలీసుల కాల్పులలో ఊరేగింపులోనివారు కొందరు నేలకొరిగారు. తూటాలు అయిపోయి పోలీసులు ఠాణాలో తలదాచుకోగా, మూక ఆ కట్టడానికి నిప్పు పెట్టింది. ఇరవై మందికి పైగా పోలీసులు ప్రాణాలు కోల్పోయారు. వారిలో అధికులు పొట్టకూటి కోసం కొలువు చేసే సామాన్యులే.

ఈ ఘోరానికి గాంధీజీ తల్లడిల్లాడు. బార్డోలీలో ఉద్యమాన్ని నిలిపివేసి, ప్రాయశ్చిత్తంగా ఐదు రోజులు ఉపవసించాడు. ప్రభుత్వం మాత్రం ప్రాయశ్చిత్తంతో తృప్తి చెందలేదు. గ్రామాలపై దాడులు జరిగాయి. 225 మందిని బోనెక్కించారు. ఒకనాటి సహచరుడే అప్రూవరుగా మారి వారికి వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పాడు. 1923 జనవరిలో గోరఖ్‌పూర్ సెషన్సు న్యాయస్థానం 172 మందికి మరణశిక్ష విధించింది. ఒక్క ఠాణా దహనానికి 172 ఉరికొయ్యలు!

దేశం దిగ్భ్రాంతి చెందింది. అలహాబాదు హైకోర్టులో అప్పీలు దాఖలయింది. అప్పటికి మాలవీయకు అరవై ఒక్క ఏళ్లు. కోర్టులకు దూరమై చాలా కాలం గడిచింది. పైగా ఆ ముద్దాయిలు ఆయన బోధించిన మార్గానికి పూర్తిగా విరుద్ధమైన పని చేశారన్న ఆరోపణ మోస్తున్నవారు. వారి పక్షాన నిలిస్తే హింసను సమర్థించాడన్న అపవాదు రావచ్చు. అయినప్పటికీ ఆయన వెనుదీయలేదు. వదలివేసిన వృత్తిని ఆ నిరుపేద రైతుల కోసం మరల చేపట్టాడు.

ఆయన చేపట్టిన పనిలోని కష్టం గ్రహించాలంటే చట్టాన్ని కొంత తెలుసుకోవాలి. 1860 నాటి భారత శిక్షాస్మృతిలోని 149వ సెక్షను ప్రకారం, చట్టవిరుద్ధమైన సమూహం ఉమ్మడి ఉద్దేశంతో ఒక నేరం చేస్తే, అందులోని ప్రతి సభ్యుడూ ఆ నేరానికి బాధ్యుడే. దొమ్మీలో ఎవరి చేయి ఏమి చేసిందో తేల్చడం అసాధ్యం గనుక ఈ నియమం అవసరమే. కాని దానిని విచక్షణ లేకుండా వాడితే నిప్పు పెట్టినవాడూ, దూరాన నిలబడి చూసినవాడూ ఒకే తాడుకు వేలాడతారు. చేసినవాడు ఒకడు, అనుభవించేవాడు మరొకడు అన్న సామెత నిజమవుతుంది. కనుక ఆ అప్పీలులో ముద్దాయిలను ఒక మూకగా కాక ఒక్కొక్క మనిషిగా చూడవలసి ఉంది. అతడు అక్కడ ఉన్నాడా, ఉంటే ఏమి చేశాడు, అప్రూవరు మాటకు వేరొక ఆధారం ఉన్నదా అన్న ప్రశ్నలు ప్రతి ముద్దాయి విషయంలోనూ వేయవలసి ఉంది.

1923 ఏప్రిల్‌లో హైకోర్టు తీర్పు వెలువడింది. మూకను నడిపించినవారుగా తాను భావించిన 19 మందికి మాత్రమే న్యాయస్థానం ఉరిశిక్షను ఖాయం చేసింది. అనేకులకు ద్వీపాంతరవాస శిక్ష పడింది; మరికొందరు విడుదలయ్యారు. నూట యాభై మందికి పైగా ఉరి నుండి తప్పించుకొన్నారు. ఆ 19 మందిని 1923 జూలైలో ఉరితీశారు. మాలవీయ సాధించినది పూర్తి విజయం కాదు. కాని ఆయన వాదనవల్ల నూట యాభై ఇళ్లలో దీపాలు ఆరిపోకుండా నిలిచాయి.

ఇక్కడ ఒక సందేహం కలుగవచ్చు. మంటలలో మాడిపోయిన పోలీసులకూ భార్యాబిడ్డలు ఉన్నారు గదా! వారికి న్యాయం అక్కరలేదా? దోషులను విడిచిపెడితే రేపు మరొక ఊరిలో మరొక ఠాణా తగులబడదా? ఈ సందేహం సమంజసమైనదే. నేరానికి శిక్ష లేని చోట బలవంతుడిదే రాజ్యమవుతుంది. శిక్ష ఉండాలా వద్దా అన్నది కాదు వివాదం. అది ఎవరికి, ఎంత అన్నదే. నేరస్థుడికి అతని నేరానికి తగినంత పడే శిక్ష న్యాయం. ఊరంతటినీ వణికించడానికి విధించే శిక్ష ప్రతీకారం. మొదటిదానిని ప్రజలు అంగీకరిస్తారు, రెండవదానిని గుర్తుపెట్టుకొంటారు.

ఆనాటి చరిత్రలోనే దీనికి తార్కాణం ఉంది. 1921 చివరలో, మాలవీయ విశ్వవిద్యాలయం వెలసిన కాశీ నగరంలోనే, ఉద్యమంలో పాల్గొన్న పదిహేనేళ్ల బాలుడొకడు పట్టుబడ్డాడు. అతనికి పదిహేను బెత్తపు దెబ్బల శిక్ష విధించారు. గోటితో పోయేదానికి గొడ్డలి వాడినట్లయింది. దెబ్బలకు బెదరి ఇంటికి పోవలసిన ఆ బాలుడు వీరుడై బయటికి వచ్చాడు. అతడే చంద్రశేఖర ఆజాద్. ఉద్యమం నిలిచిపోవడంతో నిరాశ చెందిన యువకులు 1924లో హిందుస్థాన్ రిపబ్లికన్ సంఘంగా ఏర్పడ్డారు. ఆజాద్ వారిలో చేరాడు. 1925 ఆగస్టులో కాకోరీ వద్ద రైలును ఆపి ప్రభుత్వ ధనాన్ని దోచుకొన్నారు. రాంప్రసాద్ బిస్మిల్, అష్ఫాకుల్లా ఖాన్, రాజేంద్ర లాహిరి, రోషన్‌సింగ్‌లకు మరణశిక్ష పడింది. వారి ప్రాణాలు కాపాడవలసిందిగా శాసనసభ్యుల సంతకాలతో వైస్రాయికి విజ్ఞాపన పంపినవాడు మాలవీయే. అది ఫలించలేదు. 1927 డిసెంబరులో నలుగురినీ ఉరితీశారు.

ఆ ఉరితాళ్లు విప్లవోద్యమాన్ని అంతం చేశాయా? లేదు. మరుసటి సంవత్సరమే ఆజాద్, భగత్‌సింగ్ మొదలైనవారు దానిని కొత్త పేరుతో పునరుద్ధరించారు. 1931 ఫిబ్రవరిలో భగత్‌సింగ్, రాజ్‌గురు, సుఖదేవ్‌ల మరణశిక్షను యావజ్జీవ శిక్షగా మార్చమని మాలవీయ వైస్రాయి ఇర్విన్‌కు తంతి పంపాడు. ఆ నెలాఖరున మాలవీయ స్వస్థలమైన అలహాబాదులోనే ఆజాద్ పోలీసులతో పోరాడి మరణించాడు. మార్చి 23న ఆ ముగ్గురూ ఉరికంబమెక్కారు. ప్రభుత్వం తుడిచివేయదలచిన ఆ పేర్లు దేశంలోని ప్రతి ఇంటా చేరాయి.

అయితే తీవ్రవాదానికి శిక్షలే ఏకైక కారణమనడం తొందరపాటవుతుంది. పరాయి పాలన, పేదరికం, ఉద్యమం ఆగిపోయిందన్న నిస్పృహ కూడా ఆ యువకులను ఆ దారి పట్టించాయి. ఐనా అసలు కారణాన్ని తొలగించకుండా శిక్షను మాత్రమే పెంచుకొంటూ పోతే ఫలితం ఉండదని ఈ చరిత్ర నిరూపిస్తున్నది.

మాలవీయ స్వయంగా కూడా చెరసాల చూశాడు. శాసనోల్లంఘనోద్యమ కాలంలో వృద్ధాప్యాన్ని లెక్కచేయక అరెస్టయ్యాడు. 1931లో లండనులో జరిగిన రెండవ రౌండ్ టేబుల్ సమావేశానికి హాజరయ్యాడు. 1919 నుండి 1938 వరకు తన విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షుడుగా ఉండి, తదనంతరం ఆ బాధ్యతను సర్వేపల్లి రాధాకృష్ణన్‌కు అప్పగించాడు. స్వాతంత్ర్యం వాకిట నిలిచిన వేళ, 1946 నవంబరు 12న కన్నుమూశాడు. ఆయన ఔదార్యానికి ముగ్ధులైన ప్రజలు మహామన అని పిలుచుకొన్నారు. 2014లో భారత ప్రభుత్వం ఆయనకు భారతరత్న ప్రకటించింది.

నేడు చౌరీచౌరాలో రెండు స్మారకాలు ఉన్నాయి. మరణించిన పోలీసుల కోసం బ్రిటిష్ ప్రభుత్వం కట్టించినది ఒకటి. ఉరికంబమెక్కిన రైతుల కోసం స్వతంత్ర భారతం కట్టించినది మరొకటి. ఆనాటి 149వ సెక్షనులోని నియమం 2024 జూలై నుండి భారతీయ న్యాయ సంహితలో 190వ సెక్షనుగా కొనసాగుతున్నది. అనగా మూకను శిక్షించే అధికారం నేటి ప్రభుత్వాల చేతిలోనూ ఉంది. ఆ అధికారాన్ని వాడేవారూ, దానిని చూసి చప్పట్లు కొట్టేవారూ ఆ రెండు స్మారకాల నడుమ ఒక్క క్షణం నిలిచి ఆలోచించాలి. హింసను ద్వేషిస్తూనే, హింసకు పాల్పడ్డాడన్న ఆరోపణ ఎదుర్కొనే మనిషికి న్యాయం దక్కేలా చూడడం సులభమైన పని కాదు. ఆ రెండింటినీ ఒకే హృదయంలో ఇముడ్చుకొన్నాడు గనుకనే మాలవీయ మహామనుడయ్యాడు.