జూల్స్ వెర్న్

కల్పనాకథలు వ్రాయువారికి శాస్త్రజ్ఞానముతో పనిలేదనియు, తోచినదెల్ల వ్రాసినచో కథ యగుననియు కొందఱు తలంతురు. ఈ తలంపు సరికాదని తన జీవితముచే నిరూపించిన రచయిత జూల్స్ వెర్న్.

ఇతడు 1828వ సంవత్సరము ఫిబ్రవరి 8వ తేదీన ఫ్రాన్సు దేశమున నాంట్ నగరమునందు జన్మించెను. లువార్ నదీతీరమునందలి ఆ నగరము గొప్ప రేవుపట్టణము. దూరదేశముల సరకులతో వచ్చు తెరచాప ఓడలను చూచుచు ఆ బాలుడు పెరిగెను. ప్రపంచమెల్ల చుట్టి రావలెనను కోరిక అతని హృదయమున నాటుకొనెను. కాని తండ్రి పియెర్ వెర్న్ న్యాయవాది. పెద్దకుమారుడు తన వృత్తినే చేపట్టవలెనని ఆయన సంకల్పము. అందుచే 1848లో వెర్న్ న్యాయశాస్త్రము చదువుటకై పారిస్ నగరమునకు పోవలసి వచ్చెను.

అచ్చట అతడు న్యాయశాస్త్రమున పట్టము పొందెను గాని, మనస్సు సాహిత్యమునందే లగ్నమై యుండెను. సుప్రసిద్ధ రచయిత యగు అలెగ్జాండర్ డ్యూమా ప్రోత్సాహమున 1850లో అతని చిన్న నాటకమొకటి ప్రదర్శింపబడెను. 1852లో తండ్రి తన వృత్తిని కుమారునకు అప్పగింప నెంచెను. దానిని స్వీకరించినచో సుఖజీవనము సిద్ధముగ నున్నది. నిరాకరించినచో రేపటి భోజనమునకే నమ్మకము లేదు. వెర్న్ బాగుగ ఆలోచించి, తాను మంచి రచయిత కాగలనుగాని మంచి న్యాయవాది కాజాలనని తండ్రికి విన్నవించుకొనెను. పిమ్మట ఒక నాటకశాలలో కార్యదర్శిగా కుదిరెను. ఆదాయము స్వల్పము, కీర్తి శూన్యము.

1857లో వెర్న్ ఇద్దరు కుమార్తెలు గల హోనొరీన్ అను వితంతువును వివాహమాడెను. కుటుంబపోషణకై వాటాల విపణియందు ఉద్యోగము చేయక తప్పలేదు. అయినను రచనను విడువలేదు. తెల్లవారుజాముననే లేచి, పనికి పోవువరకును వ్రాయుచుండెను. తీరిక దొరికినపుడెల్ల జాతీయ గ్రంథాలయమునకు పోయి భూగోళ ఖగోళాది శాస్త్రగ్రంథములను, యాత్రికుల వృత్తాంతములను చదువుచు, ముఖ్యాంశములను చిన్న చిన్న కాగితములపై వ్రాసికొనుచుండెను. ఇట్లు సేకరించిన కాగితములు తరువాతి కాలమున ఇరువదివేలకు మించెను.

ఈ కృషి 1863లో ఫలించెను. విమానమెక్కి ఆఫ్రికా ఖండమును దాటిన ముగ్గురి కథను వెర్న్ రచింపగా, హెట్జెల్ అను ప్రచురణకర్త దానిని సవరింపజేసి ప్రకటించెను. ఆ విమానము నేటి విమానము కాదు. వాయువు నింపిన పెద్ద బుడగ. నైలునది జన్మస్థానమునకై అన్వేషకులు వెదకుచున్న కాలమది. అప్పటికి ఆఫ్రికా నేలపై అడుగైన పెట్టని వెర్న్, గ్రంథముల సహాయముననే ఆ ఖండమును కన్నులకు కట్టినట్లు వర్ణించెను. పాఠకులు ఆ కథను అమితముగ ఆదరించిరి.

విజయము కలిగినంత మాత్రమున కష్టములు తీరలేదు. ఇరువదవ శతాబ్దపు పారిస్ నగరమును ఊహించి అతడు వ్రాసిన నవలను హెట్జెల్ తిరస్కరించెను. యంత్రములు పెరిగి, కవిత్వమునకు విలువ లేకుండ పోయిన కాలమున ఒక యువకవి పడిన దుఃఖము అందలి వృత్తాంతము. వెర్న్ నిరుత్సాహపడక ఆ వ్రాతప్రతిని ప్రక్కన పెట్టి, క్రొత్త రచనకు పూనుకొనెను. ఆ నవల 1994లో గాని వెలుగు చూడలేదు.

1865లో చంద్రలోక యాత్రను గూర్చి వ్రాయుచు వెర్న్, గణితోపాధ్యాయుడగు తన బంధువుచేత లెక్కలు సరిచూపించెను. అతని కథలో ముగ్గురు యాత్రికులు అమెరికాలోని ఫ్లోరిడా ప్రాంతమునుండి బయలుదేరిరి. 1969లో చంద్రునిపై దిగిన అపోలో-11 నౌక కూడ ముగ్గురితో ఫ్లోరిడానుండియే ఎగసెను. అయినను వెర్న్ చెప్పినదెల్ల సత్యము కాదు. అతని యాత్రికులు ఫిరంగి గుండులో కూర్చుండి వెడలిరి. నిజముగ నట్లు చేసినచో ఆ అదటునకే వారు మరణింతురు.

ఎనుబది దినములలో భూప్రదక్షిణము చేసిన ఫాగ్ కథ 1872లో వెలువడెను. పందెము ఓడిపోయితినని తలంచిన ఫాగ్ తుదకు జయించెను. ఇది మాయ కాదు. తూర్పునకు పయనించువానికి ఒక్కొక్క రేఖాంశమునకు నాలుగు నిమిషములు ముందుగ సూర్యోదయ మగును. 360 రేఖాంశములు దాటునప్పటికి ఒక దినము పూర్తిగ కలిసివచ్చును. భూగోళశాస్త్రములోని ఈ చిన్న సత్యమే ఆ కథకు ప్రాణము.

సముద్రగర్భమున సంచరించు నాటిలస్ నౌకాధిపతి నీమో వెర్న్ సృష్టించిన పాత్రలలో మేటి. అతనిని రష్యాపై పగబట్టిన పోలెండు వీరునిగ చిత్రింపవలెనని వెర్న్ మొదట తలంచెను. రష్యాలోని పాఠకులు దూరమగుదురని హెట్జెల్ అంగీకరింపలేదు. ఇరువురి నడుమ ఉత్తరములు నడిచెను. తుదకు వెర్న్ నీమో జన్మదేశమును మఱుగుపఱచెను గాని, అతని స్వాతంత్ర్యాభిమానమును మాత్రము తగ్గింపలేదు. తరువాత 1875లో ముగిసిన మఱియొక నవలలో నీమో భారతీయుడనియు, 1857 నాటి సంగ్రామమున పోరాడిన బుందేల్‌ఖండ్ రాజకుమారుడనియు వెల్లడించెను. మన దేశమును ఎన్నడును చూడని రచయిత మన వీరునికి ఇట్టి స్థానము నొసగుట గమనింపదగినది.

1871లో వెర్న్ అమియాన్ నగరమున స్థిరపడెను. ఉదయము ఐదు గంటలకు లేచి వ్రాయుట, మధ్యాహ్నము పఠనమందిరమున పత్రికలు చదువుట అతని నిత్యకృత్యము. అచ్చుచిత్తులను పలుమార్లు దిద్దినగాని అతనికి తృప్తి కలుగదు. 1886లో మతి చలించిన తమ్ముని కుమారుడొకడు తుపాకితో కాల్చుటచే అతని కాలు జీవితాంతము కుంటువడెను. కొలది దినములకే హెట్జెల్ మరణించెను. ఓడప్రయాణములు నిలిచిపోయెను, కలము మాత్రము నిలువలేదు. 1888నుండి పదునైదేండ్లు అతడు పురపాలకసభ్యుడుగ ప్రజలకు సేవచేసెను.

దేశదేశముల పాఠకులు మెచ్చినను, ఫ్రెంచి అకాడమీ అతనిని సభ్యునిగ ఎన్నుకొనలేదు. తనది బాలుర సాహిత్యమేయని పండితులు చులకన చేయుట అతనిని బాధించెను. అయినను దానికై రచనావిధానమును మార్చుకొనలేదు. కన్నులకు మసక క్రమ్మినను వ్రాయుచునే యుండి, 1905వ సంవత్సరము మార్చి 24వ తేదీన కన్నుమూసెను.

అమెరికావారు తమ మొదటి అణుశక్తి జలాంతర్గామికి నాటిలస్ అని పేరిడిరి. 1958లో అది ఉత్తరధ్రువమున మంచుక్రిందుగ పయనించెను. వెర్న్ ఊహ ఎంత దూరము పోయినను, దానికి దారి చూపినవి అతడు ప్రతిదినము ఓపికతో వ్రాసికొనిన ఆ చిన్న కాగితములే.